డబుల్ బెడ్‌రూం ఇల్లు అమ్ముతాం, కిరాయికిస్తాం అంటున్నారా? బయానా ఇచ్చే ముందు ఇది చదవండి

పాలమూరులోనో నల్లగొండలోనో కిరాయి ఇంట్లో ఉంటూ నాలుగు పైసలు వెనకేసుకున్నవాళ్ల చెవిన ఈ మాట ఏదో ఒక రోజు పడే ఉంటుంది. "అక్కా, డబుల్ బెడ్‌రూం ఒకటి ఉంది, వాళ్లు హైదరాబాద్‌ల సెటిలైన్రు, ఇచ్చేస్తమంటున్రు, బయట రేట్ల సగం గూడ పడది." చెప్పేది ముక్కూమొహం తెలియని మనిషైతే మనం నమ్మం. కానీ చెప్పేది చిట్టీలో పరిచయమైన ఆమో, గల్లీ లీడరో, మేనత్త తరఫు చుట్టమో అయి ఉంటాడు, అందుకే నమ్ముతాం. బిడ్డ పెళ్లికని దాచిన పైసలు, కుదువబెట్టిన పుస్తెలతాడు, సంఘంలో తీసుకున్న లోను, అన్నీ పోగేసి చేతిలో పెడతాం. రేపు తనిఖీకి ఆఫీసర్లు వచ్చి లిస్టులో పేరు లేదంటే ఖాళీ చేయాల్సింది మనమే. ఈ బేరంలో అమ్మినవాడికి పైసలు మిగులుతాయి, మధ్యలో ఉన్నవాడికి కమీషన్ మిగులుతుంది, కొన్న పేదోడికి మాత్రం ఏమీ మిగలదు. అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నా.

ముందు ఆ ఇల్లు ఎవరిదో తెలుసుకోండి

తెలంగాణ ప్రభుత్వం పేదలకు ఉచితంగా ఇల్లు కట్టిచ్చే డబుల్ బెడ్‌రూం పథకం 2015లో మొదలైంది. 560 చదరపు అడుగుల ఇల్లు, రెండు బెడ్‌రూంలు, హాలు, కిచెన్, రెండు బాత్రూంలు. అప్పటి లెక్కల ప్రకారం ఊళ్లలో ఒక్కో ఇంటికి 5.04 లక్షలు, టౌన్లలో 5.30 లక్షలు ప్రభుత్వమే పెట్టుకుంది, లబ్ధిదారు వాటా ఒక్క రూపాయి కూడా లేదు. పట్టా ఇంటి ఆడమనిషి పేరు మీద ఇస్తారు. సొంత పక్కా ఇల్లు లేని పేద కుటుంబం అయి ఉండాలి, వచ్చిన ఇంట్లో వాళ్లే ఉండాలి, అమ్మొద్దు, కిరాయికి ఇవ్వొద్దు. పట్టాదారు చనిపోతే వారసులకు వస్తుంది, అంతవరకే. అంటే మీకు అమ్ముతానంటున్న ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంది కానీ అమ్మే హక్కు లేదు. లేని హక్కును ఎంత పెద్ద బాండ్ పేపర్ మీద రాసినా అది మీకు రాదు.

ఇక 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ల పద్ధతి వేరు. అక్కడ సొంత జాగా ఉన్నవాళ్లు కట్టుకుంటుంటే ప్రభుత్వం 5 లక్షలు దఫదఫాలుగా బ్యాంకు ఖాతాలో వేస్తుంది. కాబట్టి మోసం తీరు కూడా మారుతుంది, దాని సంగతి కింద చెప్తా.

నోటరీ కాగితం సంగతి

ఎక్కువమంది మునిగేది ఇక్కడే కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

ఇలాంటి కొనుగోలు కాగితం ఒకటి చేతికొస్తే దగ్గర పెట్టుకుని చదవండి. వంద రూపాయల బాండ్ పేపర్, పైన ఇద్దరి పాస్‌పోర్ట్ ఫొటోలు, పక్కన వేలిముద్రలు, కింద నోటరీ గుండ్రటి ముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. చూస్తే గట్టి కాగితంలాగే ఉంటుంది. ఇప్పుడు లోపల రాసింది చదవండి. చాలా కాగితాల్లో "అమ్మాను" అనే మాటే ఉండదు. "నా కుటుంబ అవసరాల నిమిత్తం చేబదులుగా తీసుకున్నాను, తిరిగి చెల్లించేవరకు వారు సదరు ఇంట్లో నివసించవచ్చును" అని ఉంటుంది. రాసినవాడికి ఈ అమ్మకం చెల్లదని ముందే తెలుసు, అందుకే అప్పు పత్రంలాగా రాస్తాడు. ఇంకొన్నింట్లో ఇంటి నంబర్ ఉండదు, బ్లాక్ పేరు మాత్రమే ఉంటుంది. తేదీ దగ్గర ఖాళీ ఉంటుంది. మీరిచ్చింది ఆరు లక్షలైతే కాగితంలో రెండు లక్షలే ఉంటుంది, ఎందుకంటే మిగతాది చేతికి తీసుకున్నారు, దానికి ఎక్కడా ఆధారం లేదు.

చట్టం ఏం చెప్తుందంటే, వంద రూపాయలు, ఆ పైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్ట్రేషన్ అయితేనే చెల్లుతుంది. నోటరీ అనేది ఫలానా మనిషి నా ముందు సంతకం పెట్టాడు అని చెప్పడానికే, ఇంటి మీద హక్కు ఇవ్వడానికి కాదు. జీపీఏ ఇస్తాం అన్నా అంతే, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిగే అమ్మకాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. పైగా పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు, ఇళ్ల జాగాల బదిలీని 1977 చట్టం నిషేధించింది, అక్కడ అమ్మినా కొన్నా ఆ లావాదేవీ చెల్లదు, తెలిసి కొన్నవాళ్లకు శిక్ష కూడా ఉంది. పాత కాలనీల్లో ఇంటి జాగా పట్టాలు కొనేవాళ్లు ఈ సంగతి తప్పకుండా గుర్తుంచుకోవాలి.

బ్రోకర్ దగ్గర దీనికి కూడా జవాబు రెడీగా ఉంటుంది. "ఈసీ తీయించి చూస్కో అన్నా, నిల్ వచ్చింది, ఎసొంటి లొల్లి లేదు." ఈ మాట వినగానే మనసు కుదుటపడుతుంది. కానీ ఈసీ, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో కనిపించేది రిజిస్టర్ అయిన లావాదేవీలే. ఈ ఇల్లు నోటరీల మీద నలుగురి చేతులు మారినా ఈసీ నిల్ అనే వస్తుంది. ఇక్కడ నిల్ ఈసీ మీకు దేనికీ భరోసా ఇవ్వదు. ఇంటి పన్ను రసీదు కూడా అంతే, పంచాయతీకో మున్సిపాలిటీకో పన్ను కట్టినంత మాత్రాన ఇల్లు మన పేరు మీదికి రాదు. కరెంట్ బిల్లు మీ పేరున మార్పించి ఇస్తానన్నా అదే జవాబు.

ఇంకో మాట ఎక్కువగా వినిపిస్తుంది. "ఐదేళ్లు ఆగు, ప్రభుత్వం రెగ్యులరైజ్ చేస్తది, 58, 59 జీవోలు రాలేదా?" ఆ జీవోలు 2014 డిసెంబర్‌లో వచ్చిన మాట నిజమే. అవి ప్రభుత్వ భూమిలో ఇళ్లు వేసుకుని ఉంటున్నవాళ్ల కోసం. 125 గజాల లోపైతే ఉచితంగా, ఆ పైన అయితే డబ్బులు కట్టించుకుని క్రమబద్ధీకరించడానికి తెచ్చినవి. ప్రభుత్వం ఒకరికి అలాట్ చేసిన ఇంటిని ఇంకొకరు కొనుక్కుంటే వాళ్ల పేరు మీద చేయడానికి కాదు. ఆ రెండూ కలిపి చెప్పేవాడు తెలియక చెప్తున్నాడో తెలిసే చెప్తున్నాడో మనకు అనవసరం, వాడి మాట మీద పైసలు పెట్టొద్దు.

కిరాయికి ఉంటే?

కిరాయికి దిగినవాళ్లది ఇంకో రకం కష్టం. అగ్రిమెంట్ ఉండదు, రసీదు ఉండదు, కిరాయి ఫోన్‌పేలో కూడా వద్దంటారు, చేతికే ఇవ్వమంటారు. దిగేటప్పుడే ఒక మాట చెప్తారు, ఎవరైనా సార్లు వచ్చి అడిగితే చుట్టాలమని చెప్పండి అని. పిల్లలకు కూడా "మా పెద్దమ్మ ఇల్లు" అనడం నేర్పిస్తారు. ఇంటి ఓనర్ ఎవరైనా మీతో ఈ మాట అన్నాడంటే ఆ ఇల్లు కిరాయికి ఇచ్చే హక్కు ఆయనకు లేదని ఆయనే ఒప్పుకున్నట్టు. తనిఖీకి వచ్చే సిబ్బంది దగ్గర లబ్ధిదారుల లిస్టు ఉంటుంది, ఆధార్ అడుగుతారు, ఫొటో పోల్చుకుంటారు, అబద్ధం రెండు ప్రశ్నలకు మించి నిలబడదు. అలాట్‌మెంట్ రద్దయితే పట్టాదారుకు ఇల్లు పోతుంది, మీకు అడ్వాన్స్ పోతుంది, పిల్లల బడి మధ్యలో సామాను సర్దుకోవాలి.

దిగే ముందు చూడాల్సింది ఒక్క కాగితమే అయితే అది పట్టా లేదా అలాట్‌మెంట్ ప్రొసీడింగ్స్. అందులో పేరు, ఫొటో, బ్లాక్, ఇంటి నంబర్ ఉంటాయి. కిరాయి అడుగుతున్న మనిషి, కాగితంలో ఉన్న మనిషి ఒకరేనా చూడండి. చాలాసార్లు కిరాయి వసూలు చేసేది లబ్ధిదారు కాదు, ఆమె దగ్గర నోటరీ రాయించుకున్న రెండోవాడు. ఒరిజినల్ బ్యాంకులో ఉంది, లాకర్లో ఉంది, ఆఫీసులో ఉంది అన్నారంటే బేరం అక్కడితో ఆపేయండి. కాగితం సరిగ్గా ఉండి, మనిషి కూడా ఆమే అయినా, అది డబుల్ బెడ్‌రూం ఇల్లే అయితే కిరాయి కుదరదు. కిరాయి తక్కువగా ఉందని ఆశపడేవాళ్లను నేను తప్పుపట్టను, బయట కిరాయిలు అట్లా ఉన్నాయి, కానీ నెలకు మిగిలేదానికంటే ఒక్కసారి ఖాళీ చేయిస్తే పోయేదే ఎక్కువ.

ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వ సాయంతో వచ్చిన ఇంటిని మోసంగా ఇంకొకరికి కిరాయికి ఇస్తే అది నేరమని 2013లో ప్రత్యేక చట్టమే తెచ్చారు, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు, అట్లా సంపాదించిన లాభాన్ని కోర్టు కక్కించొచ్చు. మన దగ్గర కూడా దెబ్బ అమ్మినవాడికీ కిరాయి తిన్నవాడికీ ముందు తగలాలని నా అభిప్రాయం. ఇప్పుడైతే ముందు రోడ్డున పడేది లోపల ఉన్న కుటుంబమే.

వలస పోయినోళ్ల తాళాలు

ఇది మన జిల్లాల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన విషయం. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు, హైదరాబాద్‌కు పనికి పోవడం తరతరాలుగా ఉన్నదే. అటు దేవరకొండ తండాల నుంచి కూడా పోతారు. ఇల్లు వచ్చింది కానీ ఊళ్లో పని రాలేదు, మరి ఏం చేస్తారు? తాళం వేసి పోతారు, లేదా ఇంట్లో దీపం పెట్టమని మరదలి చేతిలోనో అక్క చేతిలోనో తాళంచెవి పెట్టి పోతారు. తాళం ఉన్న ప్రతి ఇంటినీ మోసం కింద లెక్కేయొద్దు, అది ఘోరమైన అన్యాయం. దసరాకు వచ్చి ఇల్లు దులిపి, పండుగ చేసుకుని, మళ్లీ బస్సెక్కే కుటుంబం ఆ ఇంటి మీద ఎంత ప్రాణం పెట్టుకుని ఉంటుందో పక్కింటివాళ్లకు తెలుసు.

మీరు అట్లా వలస పోయే కుటుంబమే అయితే కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. పట్టా ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి, తాళం ఇచ్చినవాళ్లకు జిరాక్స్ కూడా ఇవ్వొద్దు. తెల్ల కాగితం మీద, ఖాళీ బాండ్ మీద సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టొద్దు, "కరెంట్ మీటర్ కోసం", "సర్వే కోసం" అని ఎవరు అడిగినా సరే. రేషన్, ఓటు, ఆధార్ అడ్రస్ ఆ ఇంటి మీదే ఉంచుకోండి. కరెంట్ బిల్లు నెలనెలా ఎంత వస్తుందో ఫోన్లో చూసుకుంటూ ఉండండి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచితమే కాబట్టి చాలామంది బిల్లు వైపే చూడరు, కానీ తాళం వేసిన ఇంట్లో నెలకు వంద యూనిట్లు కాలుతున్నాయంటే లోపల ఎవరో కాపురం ఉన్నట్టే. పోయే ముందు వార్డు ఆఫీసర్‌కో పంచాయతీ కార్యదర్శికో పని మీద ఫలానా చోటికి పోతున్నామని, ఇంట్లో ఫలానా వాళ్లు ఉంటారని ఒక కాగితం రాసిచ్చి, దాని మీద ముద్ర వేయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. నోటీస్ వచ్చిన రోజు ఆ కాగితం మీ తరఫున మాట్లాడుతుంది. నోటీస్ వస్తే మాత్రం పట్టించుకోకుండా ఉండొద్దు, గడువులోపు వచ్చి పట్టా, ఆధార్ చూపించి జవాబు రాతపూర్వకంగా ఇవ్వాలి.

"కోటా" పేరు చెప్పి పైసలు అడిగితే

కలెక్టర్ కోటా, మంత్రి కోటా, మిగిలిన ఇళ్లు, ఆఖరి లిస్టు, ఇట్లా ఎన్నో పేర్లు చెప్తారు. డబుల్ బెడ్‌రూం ఇళ్లకు లబ్ధిదారులను తేల్చేది కలెక్టర్ ఆధ్వర్యంలో, దరఖాస్తులు విచారించి, గ్రామసభల్లోనో అందరి ముందు డ్రా తీసో. ఎక్కడా డబ్బు కట్టే మెట్టు లేదు. కాబట్టి అలాట్‌మెంట్ లెటర్ అని ఒకటి చూపించి పైసలు అడిగితే, ఆ లెటర్ ఫొటో తీసుకుని, దాని మీదున్న ఫైల్ నంబర్, తేదీ, సంతకం పట్టుకుని నేరుగా తహసీల్దార్ ఆఫీసుకో కలెక్టరేట్‌లో హౌసింగ్ సెక్షన్‌కో పోయి చూపించండి. ఫోన్లో కనుక్కోవద్దు, వాడిచ్చిన నంబర్‌కు అసలే చేయొద్దు.

ఇందిరమ్మ ఇళ్లలో అయితే పైసలు అడిగేది బిల్లు మెట్ల దగ్గర. బేస్‌మెంట్ అయ్యాక కొంత, గోడలు లేచాక కొంత, స్లాబ్ పడ్డాక కొంత, ఇల్లు పూర్తయ్యాక మిగతాది, ఇట్లా వస్తుంది బిల్లు. ప్రతి మెట్టు దగ్గరా సిబ్బంది వచ్చి ఇంటి ముందు నిలబెట్టి యాప్‌లో ఫొటో తీస్తారు. ఆ ఫొటో ఎక్కించడానికి ఇంత, ఎస్టిమేట్‌కు ఇంత అని ఎవరైనా అడిగితే అది లంచమే. పాత ఇంటికి సున్నం వేసి కొత్తదిగా చూపిద్దాం, చెరిసగం అనేవాళ్లు కూడా ఉంటారు. ఉమ్మడి రాష్ట్రంలో నడిచిన పాత ఇందిరమ్మ పథకంలో కట్టని ఇళ్లకు బిల్లులు లేపారన్న ఆరోపణల మీద 2014లో సీఐడీ విచారణ వేసిన సంగతి మర్చిపోవద్దు, కాగితాల మీద ఉండేది లబ్ధిదారు పేరే కాబట్టి ముందు పిలిచేది కూడా ఆమెనే.

లంచం అడిగితే ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ నంబర్ 1064. ఇచ్చాక కంటే అడిగినప్పుడే ఫోన్ చేస్తే పట్టుకోవడం సులువు. 2018లో చట్టం మార్చాక లంచం ఇచ్చినవాళ్లు కూడా దోషులే అవుతారు, అయితే బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చి ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే మీకు ఆ ఇబ్బంది ఉండదు.

ఇప్పటికే పైసలు ఇచ్చేశారా?

సిగ్గుపడి ఊరుకోవద్దు. ముందు చేయాల్సింది ఆధారాలు పోగేయడం. బ్రోకర్‌తో చేసిన వాట్సాప్ చాట్, కాల్ రికార్డింగ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్, నోటరీ కాగితం, సాక్షుల పేర్లు, పైసలు లెక్కపెట్టిన రోజు అక్కడ ఎవరెవరున్నారో ఒక కాగితం మీద తేదీలతో రాసుకోండి. మిగతా పైసలు ఇంకా ఇవ్వాల్సి ఉంటే ఆపేయండి. తిరిగిస్తానంటే నోటి మాట వద్దు, ఎంత, ఎప్పటిలోపు అని రాయించుకోండి, ఖాతాలోనే వేయించుకోండి.

దొంగ లెటర్ చూపించి తీసుకుంటే అది మోసం, ఫోర్జరీ. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసానికి సెక్షన్ 318, ఫోర్జరీకి 336 ఉన్నాయి. ఒకే ఇంటిని ఇద్దరు ముగ్గురికి అమ్మిన కేసుల్లో అందరూ కలిసి పోలీస్ స్టేషన్‌కు పోతే బలం ఉంటుంది, విడివిడిగా పోతే వాడు ఒకరి పైసలు ఇంకొకరికి సర్ది కాలం గడుపుతాడు. అన్నీ తెలిసే కొన్నారంటే మాత్రం కష్టం, చట్టం వద్దన్న ఒప్పందాన్ని కోర్టు నిలబెట్టదు. అప్పు పత్రంలా రాసి ఉంటే డబ్బు వసూలుకు దావా వేసే దారి ఉంటుంది, దానికి మామూలుగా మూడేళ్ల గడువు, కాబట్టి "చూద్దాం, ఇస్తాడులే" అని కూర్చుంటే అదీ పోతుంది. వకీలుకు పైసలు లేవంటే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఫోన్ నంబర్ 15100.

ఫిర్యాదు ఎట్లా రాయాలి

అర్హత ఉండి ఇల్లు రానివాళ్లు, పక్క బ్లాకులో కిరాయికి తిరుగుతున్న ఇల్లు చూసి మండిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ మంట న్యాయమైనదే. కానీ కాలనీ వాట్సాప్ గ్రూపులో పేర్లు, ఫొటోలు పెట్టడం వల్ల గొడవే తప్ప పని కాదు. సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. ఒక పేజీ చాలు. కాలనీ పేరు, బ్లాక్, ఇంటి నంబర్, మీరు కళ్లారా చూసింది ఏంటి, ఎప్పటి నుంచి. "అమ్ముకున్నారని అందరూ అంటున్నారు" అని రాయొద్దు, "ఈ ఇంట్లో పట్టాదారు కాకుండా వేరే కుటుంబం ఉంటున్నట్టు కనిపిస్తోంది, విచారణ చేయగలరు" అని రాయండి. లోపల ఉన్నది వాళ్ల సొంత చెల్లెలే అయి ఉండొచ్చు, అది తేల్చాల్సింది ఆఫీసర్లు. ఇచ్చాక రసీదు నంబర్ తీసుకోకుండా కదలొద్దు.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) వేయండి, 10 రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. ఫలానా నంబర్ ఇల్లు ఎవరికి ఏ తేదీన అలాట్ అయింది, నా ఫిర్యాదు మీద ఎవరు ఎప్పుడు విచారణ చేశారు, ఆ రిపోర్ట్ కాపీ ఇవ్వండి, ఇంతే అడగండి. వ్యక్తిగత వివరాలు ఇవ్వలేం అని తిప్పి పంపితే, సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఆఫీసు తనంతట తానే బయటపెట్టాలని చట్టం సెక్షన్ 4లోనే ఉందని రాసి, ముప్పై రోజుల లోపు మొదటి అప్పీల్ వేయండి. అప్పీల్‌కు పాత ప్రజావాణి రసీదు జిరాక్స్ జతచేయడం మర్చిపోవద్దు.